డిస్ప్రోసియం టైటనేట్‌లో స్పిన్ల నెమ్మదైన చలనాన్ని ఏసీ ససెప్టిబిలిటీతో కొలవడం ఎలా?

జ్యామితీయ ఫ్రస్ట్రేషన్ (స్ఫటికంలోని అమరిక వల్ల స్పిన్లన్నీ ఒకేసారి తమకు అనుకూలమైన దిశల్లో నిలవలేని స్థితి) ఉన్న అయస్కాంత పదార్థాల్లో స్పిన్లు, అంటే అయాన్ల సూక్ష్మ అయస్కాంతాలు, ఎంత నెమ్మదిగా దిశ మార్చుకుంటాయో స్వయంగా కొలవాలనుకునే పరిశోధక విద్యార్థికి డిస్ప్రోసియం టైటనేట్ కంటే మంచి ఆరంభం లేదని నా అభిప్రాయం. దీన్ని తయారు చేయడం కష్టం కాదు, దీని సంకేతం చాలా బలంగా ఉంటుంది, పైగా 20 కెల్విన్ దగ్గర మైక్రోసెకన్లలో ఉండే రిలాక్సేషన్ కాలం (స్పిన్లు కొత్త స్థితికి సర్దుకోవడానికి పట్టే సమయం) ఒక కెల్విన్ దిగువకు వెళ్లేసరికి సెకన్లకూ, నిమిషాలకూ, ఆపై గంటలకూ పెరుగుతుంది. ఇంత విస్తృతమైన కాలవ్యవధి ఒకే నమూనాలో దొరకడం అరుదు. ఇక్కడ కొలిచేది ఏసీ ససెప్టిబిలిటీ, అంటే చిన్న డోలన క్షేత్రానికి నమూనా అయస్కాంతీకరణ ఎంత స్పందిస్తుందనేది; క్షేత్రంతో కలిసి నడిచే స్పందనను వాస్తవ భాగమనీ, వెనకబడే స్పందనను కల్పిత భాగమనీ అంటారు. ఈ వ్యాసంలో చెప్పిన క్రమాన్ని అనుసరిస్తే, ఉష్ణోగ్రతకూ రిలాక్సేషన్ కాలానికీ ఉన్న సంబంధాన్ని చూపే నమ్మదగిన పట్టిక మీ చేతికి వస్తుంది. అయితే ఒక విషయం ముందే గుర్తుంచుకోవాలి. నెమ్మదైన పదార్థంలో మీరు చదివే సంఖ్య పదార్థాన్ని మాత్రమే చెప్పదు. నమూనా ఆకారాన్నీ, దాన్ని చల్లబరిచిన తీరునూ, మీరు వేచి ఉన్న సమయాన్నీ కలిపి చెబుతుంది. వీటిని విడదీయడమే ఈ పనిలో ముఖ్యమైన భాగం.

కొలిచేది ఏమిటో ముందు తెలుసుకోండి

ఈ పదార్థపు స్ఫటిక నిర్మాణాన్ని పైరోక్లోర్ అంటారు. ఇందులో డిస్ప్రోసియం అయాన్లు మూలలను పంచుకునే చతుర్ముఖీయాల శీర్షాల వద్ద ఉంటాయి. ఒక్కొక్క అయాన్ అయస్కాంత భ్రామకం సుమారు 10 బోర్ మాగ్నెటాన్లు. అది తన చతుర్ముఖీయపు కేంద్రం వైపుకు గానీ, దాని నుంచి బయటికి గానీ మాత్రమే చూడగలదు. కనిష్ఠ శక్తి స్థితిలో ప్రతి చతుర్ముఖీయంలోనూ రెండు స్పిన్లు లోపలికి, రెండు బయటికి ఉండాలి. నాలుగు స్పిన్లకు సాధ్యమయ్యే 16 అమరికల్లో 6 ఈ నియమాన్ని పాటిస్తాయి. నీటి మంచులో ప్రతి ఆక్సిజన్ పరమాణువు చుట్టూ రెండు హైడ్రోజన్లు దగ్గరగా, రెండు దూరంగా ఉండే నియమం కూడా సరిగ్గా ఇదే కాబట్టి ఇలాంటి పదార్థాలకు స్పిన్ ఐస్ అని పేరు వచ్చింది. మంచులో మిగిలిపోయే ఎంట్రోపీని లైనస్ పాలింగ్ 1935లో లెక్కగట్టారు. ఆ లెక్కకు సరిపోయే మిగులు, అంటే ఒక మోల్ డిస్ప్రోసియానికి కెల్విన్‌కు సుమారు 1.68 జౌళ్లు, ఈ పదార్థంలోనూ ఉన్నట్టు 1999లో రామిరెజ్ బృందం విశిష్టోష్ణ కొలతలతో చూపించింది.

ఒక స్పిన్ తిరగబడితే దాన్ని పంచుకునే రెండు చతుర్ముఖీయాల్లోనూ నియమం చెడుతుంది. ఒకదానిలో మూడు లోపలికి, రెండవదానిలో మూడు బయటికి అవుతాయి. ఈ రెండు లోపాలూ ఒకదానికొకటి దూరంగా కదలగలవనీ, అవి వ్యతిరేక అయస్కాంత ఆవేశాలున్న మోనోపోల్స్ (ఏకధ్రువాలు) లాగా ప్రవర్తిస్తాయనీ 2008లో కాస్టెల్నోవో, మోస్నర్, సోంధీ వివరించారు. కొద్ది కెల్విన్ల దిగువన అయస్కాంతీకరణ మారాలంటే ఈ మోనోపోల్స్ కదలడం తప్ప వేరే దారి దాదాపు లేదు. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ వాటి సంఖ్య ఘాతీయంగా తగ్గిపోతుంది, అందుకే రిలాక్సేషన్ అంతగా నెమ్మదిస్తుంది. కనుక మీరు కొలవబోయే కాలంలో రెండు విషయాలు కలిసి ఉంటాయి: మోనోపోల్స్ ఎన్ని ఉన్నాయి, ఒక్కొక్కటి ఎంత వేగంగా గెంతుతోంది.

నమూనా తయారీ

పొడి నమూనాతో మొదలుపెట్టండి. 5 గ్రాముల డిస్ప్రోసియం టైటనేట్‌కు 3.501 గ్రాముల డిస్ప్రోసియం ఆక్సైడ్, 1.499 గ్రాముల టైటానియం డయాక్సైడ్ కావాలి. అరుదైన మృత్తికల ఆక్సైడ్లు గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటాయి కాబట్టి, డిస్ప్రోసియం ఆక్సైడ్‌ను తూచే ముందు రాత్రంతా 900 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి, ఆలస్యం చేయకుండా తూచాలి. ఈ జాగ్రత్త తీసుకోకపోతే డిస్ప్రోసియం తక్కువపడి నిష్పత్తి చెడుతుంది. రెండింటినీ అగేటు కల్వంలో బాగా నూరి, పెల్లెట్లుగా నొక్కి, అల్యూమినా మూసలో ఉంచి, గాలిలో 1300 డిగ్రీల దగ్గర కాల్చండి. మళ్లీ నూరి, మళ్లీ నొక్కి, మళ్లీ కాల్చండి. ఎక్స్‌రే వివర్తనంలో అదనపు శిఖరాలు పూర్తిగా పోయేదాకా ఇది సాగాలి. జాలక పరామితి, అంటే స్ఫటికంలో పునరావృతమయ్యే ఘనపు భుజం, 10.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర రావాలి.

ఏకస్ఫటికాలను సాధారణంగా ఫ్లోటింగ్ జోన్ పద్ధతిలో, అంటే కడ్డీలో కొద్ది భాగాన్ని కరిగించి ఆ కరిగిన భాగాన్ని కడ్డీ వెంట జరుపుతూ, పెంచుతారు. మీకు ఎవరైనా స్ఫటికం ఇస్తే ముందుగా దాని రంగు చూడండి. పసుపు ఛాయ ఉంటే ఆక్సిజన్ ఖాళీలు ఉన్నాయని అనుమానించాలి. అలాంటి ఖాళీలు తక్కువ ఉష్ణోగ్రతల్లో మోనోపోల్స్ చలనాన్ని మారుస్తాయని, ఆక్సిజన్ వాయువులో వేడిచేస్తే వాటిని తగ్గించవచ్చని 2014లో వచ్చిన పరిశోధన చూపింది. రెండు ప్రయోగశాలల రిలాక్సేషన్ కాలాలు కలవకపోవడానికి నమూనాల్లోని ఇలాంటి తేడాలు ఒక ముఖ్య కారణం కాగలవు. అందుకే ఆక్సిజన్‌లో వేడిచేసిన వివరాలను కొలతలతోపాటు తప్పక నమోదు చేయండి.

ఆకారం: అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు

ఈ పదార్థపు క్యూరీ స్థిరాంకం (ఉష్ణోగ్రతతో భాగిస్తే ససెప్టిబిలిటీని ఇచ్చే సంఖ్య), ఎస్‌ఐ ప్రమాణాల్లో ఘనపరిమాణ ససెప్టిబిలిటీకి లెక్కిస్తే, సుమారు 4 కెల్విన్లు. అంటే 16 కెల్విన్ల వద్ద ససెప్టిబిలిటీ సుమారు 0.25, 2 కెల్విన్ల వద్ద సుమారు 2. మామూలు పారా అయస్కాంతాలకు అలవాటుపడినవారు ఈ రెండవ సంఖ్యను ఒకసారి ఆగి చూడాలి. ససెప్టిబిలిటీ ఇంత పెద్దదైనప్పుడు నమూనా తనలో తానే ఒక వ్యతిరేక క్షేత్రాన్ని కలిగించుకుంటుంది. లోపల స్పిన్లకు అందే క్షేత్రం మీరు బయట ప్రయోగించినంత ఉండదు. ఆ వ్యతిరేక క్షేత్రం అయస్కాంతీకరణలో ఎంత వంతో చెప్పేది డీమాగ్నటైజేషన్ గుణకం; గోళాకార నమూనాకు అది మూడింట ఒక వంతు. కాబట్టి 2 కెల్విన్ల వద్ద అసలు విలువ 2 అయితే మీ పరికరం చూపేది 1.2 మాత్రమే.

ససెప్టిబిలిటీ పరిమాణం తగ్గడం ఒక్కటే అయితే, రిలాక్సేషన్ కాలంతో మాకేమిటి సంబంధమని కొందరు అనుకుంటారు. సంబంధం ఉంది. ఒకే రిలాక్సేషన్ కాలం ఉన్న సరళమైన డెబై నమూనా తీసుకుని లెక్కవేస్తే, బయటికి కనిపించే కాలం అసలు కాలాన్ని (ఒకటి కూడిక గుణకం ఇంటూ స్థిర ససెప్టిబిలిటీ) అనే రాశితో భాగించినంత అవుతుంది; స్థిర ససెప్టిబిలిటీ అంటే క్షేత్రం మారకుండా ఉన్నప్పటి విలువ. గోళానికి 16 కెల్విన్ల వద్ద ఈ రాశి 1.08, 2 కెల్విన్ల వద్ద 1.67. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ పొరపాటు పెరుగుతుంది కనుక కాలం స్కేలే కాదు, దాని నుంచి మీరు తీసే శక్తి అవరోధం (స్పిన్ తిరగడానికి దాటవలసిన శక్తి) కూడా అసలుకంటే తక్కువగా వస్తుంది. ఈ సవరణను చేశామని గానీ చేయలేదని గానీ చెప్పని పట్టికను నేను నమ్మను. మీరూ నమ్మవద్దని నా సలహా.

ఆకారాన్ని ఎంచుకునేందుకు మూడు దారులు ఉన్నాయి. మొదటిది గోళం. 2 మిల్లీమీటర్ల వ్యాసమున్న గోళం సుమారు 29 మిల్లీగ్రాములు తూగుతుంది. గోళానికి గుణకం అన్ని ఉష్ణోగ్రతల్లోనూ కచ్చితంగా మూడింట ఒక వంతే కావడం దీని గొప్పతనం. రెండవది పొడవైన చతురస్రాకార కడ్డీ, క్షేత్రం పొడవు వెంట ఉండేలా. పొడవు మందానికి 5 రెట్లుంటే గుణకం సుమారు 0.09. ఇక్కడ గుణకం చిన్నదే గానీ, అది ససెప్టిబిలిటీ మీద కూడా కొంత ఆధారపడుతుంది. పట్టికల్లో దొరికే విలువలు చాలావరకు ససెప్టిబిలిటీ స్వల్పంగా ఉన్నప్పటి విలువలే. మూడవది వలయం. ఉంగరంలా కోసిన నమూనా మీద తీగచుట్టను నేరుగా చుడితే అయస్కాంత రేఖలు పదార్థం లోపలే మూసుకుపోతాయి, డీమాగ్నటైజేషన్ సమస్యే ఉండదు. కార్నెల్ విశ్వవిద్యాలయ బృందం 2015లో ప్రచురించిన కొలతలు ఇలా చేసినవే. చక్కని పద్ధతి, అయితే దీనికి మంచి స్ఫటికమూ, కోసే నైపుణ్యమూ కావాలి.

పొడి మాత్రమే ఉంటే, దాన్ని అయస్కాంత గుణం లేని గ్రీజులో కలిపి క్యాప్సూల్‌లో నింపండి. అప్పుడు ఫలిత గుణకాన్ని ఇలా అంచనా వేయవచ్చు: మూడింట ఒక వంతుకు, నింపుదల భిన్నాన్ని, అంటే క్యాప్సూల్‌లో పొడి ఆక్రమించే వంతును, (క్యాప్సూల్ ఆకారపు గుణకం తీసివేత మూడింట ఒక వంతు) తో గుణించి కలపాలి. నింపుదల సగం, క్యాప్సూల్ గుణకం 0.1 అయితే ఫలితం సుమారు 0.22. ఘనపరిమాణాన్ని క్యాప్సూల్ కొలతల నుంచి కాకుండా నమూనా బరువు నుంచి, స్ఫటిక సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 6.8 గ్రాములుగా తీసుకుని లెక్కించండి. పరికరం సాధారణంగా సీజీఎస్ ప్రమాణాల్లో ఫలితమిస్తుంది. దాన్ని ఎస్‌ఐకి మార్చేటప్పుడు 4పై గుణకం మరిచిపోతే సవరణ పన్నెండు రెట్లకు పైగా చిన్నదైపోతుంది.

అమరిక, పరికరం తనిఖీ

నమూనాకు మంచి ఉష్ణ సంపర్కం కావాలి, కానీ రాగి, వెండి ముక్కలను తీగచుట్ట దగ్గరికి రానివ్వకూడదు. లోహంలో పుట్టే సుడి ప్రవాహాలు కల్పిత భాగంలో పౌనఃపున్యంతోపాటు పెరిగే ఒక నకిలీ సంకేతాన్ని చేరుస్తాయి. 2 కెల్విన్ల పైన హీలియం వాయువే ఉష్ణాన్ని మోసుకుపోతుంది కాబట్టి ప్లాస్టిక్ స్ట్రా లేదా క్వార్ట్జ్ కడ్డీ, కొద్దిపాటి గ్రీజు సరిపోతాయి. నమూనా కదలకుండా చూడండి.

ఏసీ క్షేత్రం ఒక ఓర్‌స్టెడ్ చాలు. పైన చెప్పిన గోళం నుంచి 2 కెల్విన్ల వద్ద వచ్చే సంకేతం దాదాపు 0.0004 ఈఎంయూ (సీజీఎస్ అయస్కాంత భ్రామక ప్రమాణం), ఏ స్క్విడ్ మాగ్నెటోమీటరుకైనా (అతివాహక సెన్సరుతో పనిచేసే పరికరానికి) ఇది సులువుగా అందుతుంది. క్షేత్రాన్ని సగం చేసి అదే ఉష్ణోగ్రతలో మళ్లీ కొలిచి, ససెప్టిబిలిటీ మారలేదని నిర్ధారించుకోండి. పరికరాన్ని అంతకుముందు ఎవరైనా బలమైన క్షేత్రాలకు వాడి ఉంటే, అతివాహక అయస్కాంతంలో అవశేష క్షేత్రం మిగిలి ఉంటుంది. క్షేత్రాన్ని అటూ ఇటూ మారుస్తూ క్రమంగా సున్నాకు తెచ్చే సదుపాయాన్ని ముందు వాడండి.

ఫేజ్ తనిఖీకి వేరే ప్రమాణ నమూనా లేకపోయినా ఫరవాలేదు, మీ నమూనాయే ఆ పని చేస్తుంది. 40 కెల్విన్ల వద్ద ఈ పదార్థపు రిలాక్సేషన్ కాలం ఒక మైక్రోసెకను కంటే చాలా తక్కువ. అందువల్ల 1000 హెర్ట్జ్ వద్ద కల్పిత భాగం వాస్తవ భాగంలో వెయ్యో వంతు కూడా ఉండకూడదు. అంతకు మించి కనిపిస్తే అది పరికరం ఫేజ్ లోపమే. ప్రతి పౌనఃపున్యం వద్దా ఈ లోపాన్ని రాసుకుని, తక్కువ ఉష్ణోగ్రతల కొలతల నుంచి దాని మేరకు ఫేజ్‌ను తిప్పి సరిచేయండి.

కొలత క్రమం

చాలామంది ఒక పౌనఃపున్యాన్ని ఖాయం చేసుకుని ఉష్ణోగ్రతను జరుపుతూ పోతారు. అది తొందరగా అయిపోతుంది, బొమ్మ కూడా అందంగా వస్తుంది, 16 కెల్విన్ల దగ్గర ప్రసిద్ధమైన శిఖరమూ కనిపిస్తుంది. కానీ రిలాక్సేషన్ కాలం కావాలంటే ఉష్ణోగ్రతను నిలిపి పౌనఃపున్యాన్ని మార్చడమే సరైన పద్ధతి. ఎందుకంటే ఉష్ణోగ్రతతో స్థిర ససెప్టిబిలిటీ కూడా మారుతుంది. ఉష్ణోగ్రత అక్షం మీద కనిపించే శిఖరం ఆ రెండు మార్పుల మిశ్రమం.

ప్రతి ఉష్ణోగ్రత వద్దా 0.1 హెర్ట్జ్ నుంచి మీ పరికరం అందుకోగల గరిష్ఠం దాకా, ఒక్కొక్క దశకానికి ఏడెనిమిది బిందువుల చొప్పున, సంవర్గమాన వ్యవధుల్లో కొలవండి. కల్పిత భాగం శిఖరం వద్ద పౌనఃపున్యాన్ని 2పైతో గుణించి విలోమం తీస్తే రిలాక్సేషన్ కాలం వస్తుంది. 5 మిల్లీసెకన్లకు శిఖరం 32 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 10 కిలోహెర్ట్జ్ దాకా వెళ్లే పరికరంలో 20 కెల్విన్ల పైన శిఖరం చేజారిపోతుంది కాబట్టి అక్కడి నుంచి దిగువకు రండి. 20 నుంచి 12 కెల్విన్ల దాకా ఒక్కొక్క కెల్విన్ చొప్పున, 12 నుంచి 4 దాకా కొంచెం దూరంగా, 4 కెల్విన్ల దిగువన మళ్లీ దగ్గరగా, పావు కెల్విన్ చొప్పున కొలవండి. 0.1 హెర్ట్జ్ వద్ద పది ఆవర్తనాలకే 100 సెకన్లు పడతాయి. దీన్ని బట్టి మొత్తం సమయాన్ని ముందే లెక్కవేసుకోండి. సొంత పరికరం లేని విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇందౌర్‌లోని యూజీసీ-డీఏఈ కన్సార్షియం వంటి కేంద్రాలకు ప్రతిపాదన పంపి సమయం తీసుకుంటారు. అలా దొరికిన సమయంలో 12 నుంచి 4 కెల్విన్ల మధ్య బిందువులను తగ్గించుకోండి గానీ, 4 కెల్విన్ల దిగువ బిందువులను తగ్గించవద్దు.

థర్మామీటరు స్థిరపడినంత మాత్రాన నమూనా స్థిరపడినట్టు కాదు. ప్రతి ఉష్ణోగ్రత వద్దా కొలతల శ్రేణిని ఒకసారి పై నుంచి కిందికి, ఒకసారి కింది నుంచి పైకి నడిపి, రెండూ కలిస్తేనే ఆ ఉష్ణోగ్రతను పట్టికలోకి ఎక్కించండి.

సవరణ, తర్వాతే ఫిట్టింగ్

ముందు సవరణ, తర్వాత ఫిట్టింగ్. ఈ క్రమాన్ని తారుమారు చేయకండి. కొలిచిన ససెప్టిబిలిటీని వాస్తవ, కల్పిత భాగాలు రెండూ ఉన్న సంకీర్ణ సంఖ్యగా తీసుకుని, దాన్ని (ఒకటి తీసివేత గుణకం ఇంటూ అదే సంకీర్ణ సంఖ్య) తో భాగించండి. రెండు భాగాలను వేర్వేరుగా సవరించే అలవాటు తప్పు. అలా చేస్తే శిఖరం స్థానం సరికాదు. రిలాక్సేషన్ కాలాలకు వ్యాప్తి ఉన్నప్పుడు ఈ సవరణ శిఖరం స్థానాన్నే కాక ఆకారాన్ని కూడా మారుస్తుంది, కాబట్టి ఫిట్టింగ్ తర్వాత కాలాన్ని ఒక సంఖ్యతో గుణించి సరిపెట్టడం కుదరదు.

సవరించిన డేటాను కోల్-కోల్ పటంగా, అంటే వాస్తవ భాగానికి ఎదురుగా కల్పిత భాగాన్ని, గీయండి. ఒకే రిలాక్సేషన్ కాలం ఉంటే అర్ధవృత్తం వస్తుంది. వ్యాప్తి ఉంటే అది నలిగి కిందికి దిగుతుంది. స్పిన్ గ్లాసుల్లో, అంటే స్పిన్లు క్రమం లేని దిశల్లో గడ్డకట్టే పదార్థాల్లో, వ్యాప్తి అనేక దశకాలుగా ఉంటుంది. ఇక్కడ వక్రం అర్ధవృత్తానికి చాలా దగ్గరగా ఉంటుంది, ఎక్కువ పౌనఃపున్యాల వైపు మాత్రం అసమానత కనిపిస్తుంది. అందుకే సౌష్ఠవమైన కోల్-కోల్ సూత్రం కంటే అసమానతకు చోటిచ్చే హావ్రిల్యాక్-నెగామి సూత్రం మెరుగ్గా సరిపోతుంది. ఆ సూత్రంలో పరామితులు ఎక్కువ కాబట్టి వాస్తవ, కల్పిత భాగాలను కలిపి ఒకేసారి ఫిట్ చేయండి.

ఇప్పుడు రిలాక్సేషన్ కాలపు సంవర్గమానాన్ని ఉష్ణోగ్రత విలోమంతో గీస్తే మూడు ప్రాంతాలు బయటపడతాయి. సుమారు 12 కెల్విన్ల పైన ఏటవాలు సరళరేఖ వస్తుంది. దాని అవరోధం, ఉష్ణోగ్రత ప్రమాణంలో చెబితే, సుమారు 200 కెల్విన్లు. ఇక్కడ స్పిన్లు ఉత్తేజిత స్ఫటిక క్షేత్ర స్థాయిల (చుట్టూ ఉన్న అయాన్ల విద్యుత్ క్షేత్రం వల్ల ఏర్పడే శక్తి స్థాయిల) మీదుగా తిరుగుతాయి. 12 నుంచి 4 కెల్విన్ల మధ్య కాలం కొద్ది మిల్లీసెకన్ల దగ్గర దాదాపు చదునుగా ఉంటుంది. ఉష్ణశక్తి చాలకపోయినా స్పిన్లు క్వాంటం టన్నెలింగ్ ద్వారా తిరుగుతున్నాయన్నమాట. ఆ దిగువన కాలం మళ్లీ వేగంగా పెరుగుతుంది. ఇది మోనోపోల్స్ తరిగిపోయే ప్రాంతం.

మీ ఫిట్టింగ్‌ను పరీక్షించడానికి రెండు సంఖ్యలు చూడండి. మొదటిది 12 కెల్విన్ల పై ప్రాంతపు ఆరీనియస్ సూత్రంలో (అవరోధాన్ని ఉష్ణోగ్రతతో భాగించిన సంఖ్యతో కాలం ఘాతీయంగా పెరుగుతుందనే సూత్రం) ఘాతీయ పదానికి ముందుండే గుణకం; అది నానోసెకనుకు కాస్త తక్కువగా, అంటే భౌతికంగా అర్థవంతమైన పరిధిలో రావాలి. స్పిన్ గ్లాసు డేటాకు ఇదే సూత్రం వాడితే అసంభవమైనంత చిన్న సంఖ్యలు వస్తాయి. రెండవది పౌనఃపున్యం పది రెట్లు పెరిగినప్పుడు శిఖర ఉష్ణోగ్రత ఎంత నిష్పత్తిలో జరిగిందనేది. 16 కెల్విన్ల శిఖరానికి ఇది సుమారు 0.18. రాగి-మాంగనీసు వంటి స్పిన్ గ్లాసుల్లో ఇది 0.005 దగ్గర ఉంటుంది. రెండింటి మధ్య ఇంత అంతరం ఉండగా ఈ శిఖరాన్ని స్పిన్ గ్లాసు పరివర్తన అని రాయడానికి ఆస్కారం లేదు.

దిగువ ప్రాంతానికి ఒకే సరళరేఖ గీసి అవరోధం ప్రకటించే ముందు ఆలోచించండి. ఒక మోనోపోల్ పుట్టడానికి కావలసిన శక్తి సుమారు 4.35 కెల్విన్లు. ఒక కెల్విన్ దిగువ కొలతల నుంచి ప్రయోగాలు తీసిన అవరోధం 10 కెల్విన్ల దగ్గర ఉంది, అంటే రెట్టింపుకు మించి. గెంతే వేగం స్థిరంగా ఉంటుందనే ఊహ ఇక్కడ సరిపోవడం లేదు. చుట్టూ ఉన్న స్పిన్ల అమరికను బట్టి కొన్ని స్పిన్లు త్వరగా, కొన్ని చాలా నెమ్మదిగా తిరుగుతాయని, ఫలితంగా మోనోపోల్స్ నడిచే దారులు ఫ్రాక్టల్ ఆకారం దాలుస్తాయని 2022లో వచ్చిన సిద్ధాంతం ఈ తేడాలో చాలా భాగాన్ని వివరించగలిగింది. కేంద్రక స్పిన్ల పాత్ర కూడా ఉంది: కేంద్రక స్పిన్ లేని డిస్ప్రోసియం-162తో చేసిన నమూనాలు డిస్ప్రోసియం-163 నమూనాల కంటే నెమ్మదిగా రిలాక్స్ అవుతాయని 2019లో కనుగొన్నారు.

ఒక కెల్విన్ దిగువకు వెళ్లేవారికి

హీలియం-3 లేదా డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ అందుబాటులో ఉంటే, సుమారు 0.65 కెల్విన్ దిగువన క్షేత్రం లేకుండా చల్లబరిచిన, క్షేత్రంలో చల్లబరిచిన వక్రాలు విడిపోవడం చూడవచ్చు. అక్కడ ఏసీ పద్ధతిని వదిలి, చిన్న స్థిర క్షేత్రాన్ని ఒక్కసారిగా పెట్టి, అయస్కాంతీకరణ కాలంతో ఎలా పెరుగుతుందో నమోదు చేయండి. చల్లబరిచే వేగం ఇక్కడ ఒక పరామితి అవుతుంది. వేగంగా చల్లబరిస్తే అధిక మోనోపోల్స్ గడ్డకట్టి ఉండిపోతాయి, అప్పుడు రిలాక్సేషన్ అసలుకంటే త్వరగా జరిగినట్టు కనిపిస్తుంది. కనీసం రెండు వేర్వేరు వేగాలతో చల్లబరిచి పోల్చండి. పొడిని కాకుండా స్ఫటికాన్ని వాడి, తీగచుట్టకు దూరంగా ఉన్న చివర మాత్రమే రాగికి అతికించండి.

తగినంత నెమ్మదిగా చల్లబరిస్తే పాలింగ్ మిగులు ఎంట్రోపీ ఉండదని 2013లో ఒక బృందం ప్రకటించింది. 2018లో మరొక బృందం తమ కొలతల్లో ఆ మిగులు ఉందని చూపింది. ఈ చర్చలో మీ డేటాకు విలువ ఉండాలంటే ప్రతి వరుసలోనూ ఉష్ణోగ్రత, పౌనఃపున్యం, సవరించని రెండు భాగాలు, డీమాగ్నటైజేషన్ గుణకం, నమూనా బరువు, చల్లబరిచిన వేగం, ఆ ఉష్ణోగ్రత వద్ద వేచి ఉన్న సమయం నమోదు చేసి, సవరించిన విలువలను వేరే ఫైల్లో ఉంచండి.